షాట్ వరకు నడిచే మోటారు

ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే రోడ్డు పక్కన, ప్రొడక్షన్ ఆఫీసుల వెనక సందులో వీరయ్య షెడ్డు ఉంది. దానికి బోర్డంటూ ఏమీ లేదు. అడ్రసు అడిగితే ఎవరైనా "పాత బండ్ల వీరయ్యా?" అని చెయ్యి చూపిస్తారు. సినిమాలో తాతల కాలం నాటి కారు కావాలన్నా, మిలటరీ జీపు కావాలన్నా, పెళ్లికొడుకు ఊరేగే స్కూటరు కావాలన్నా అక్కడికే రావాలి. వాటిని నడవాల్సినంతసేపు నడిపించడం వీరయ్య పని.

ఆ "నడవాల్సినంతసేపు" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. వీరయ్య బతుకంతా దాని మీదే నడిచింది. మామూలు మెకానిక్కు బండి బాగుచేస్తే అది ఏళ్ల తరబడి తిరగాలి. లేకపోతే బండి ఓనరు వచ్చి నలుగురిలో పరువు తీస్తాడు. సినిమా బండికి ఆ బాధ లేదు. యాక్షన్ అంటే కదలాలి, కట్ అనేదాకా ఆగకూడదు. పెట్రోల్ ట్యాంకు చిల్లికి సబ్బుముక్క అద్దినా, ఊడిపోయే తలుపును లోపల్నుంచి బట్టపేలికతో కట్టినా అడిగేవాడు లేడు. అవేవీ తెర మీద కనబడవు. వీరయ్య ఈ పద్ధతికి "షాట్ వరకు" అని పేరు పెట్టుకున్నాడు. "గిది షాట్ వరకు చేసిన సార్, ఇంటికి తోల్కపోకుండ్రి" అని ముందే చెప్పేసేవాడు. అందులో దాపరికం లేదు, సిగ్గూ లేదు. పైగా మిగతా మెకానిక్కులంతా చేతులెత్తేసిన ఇంజన్ను తను ఒక్క షాట్ వరకైనా లేపి నిలబెట్టగలనని లోలోపల గర్వం కూడా ఉండేది.

అతను పుట్టింది షేక్‌పేటలోనే. వాళ్ల నాయన జొన్నలు పండించిన చెలకలో ఇప్పుడు నాలుగంతస్తుల ఇళ్లున్నాయి. బావుల మీది ఇంజన్లు విప్పడంతో మొదలైన చెయ్యి, శ్రీనగర్ కాలనీలో ఒక నిర్మాత గారి మొండికేసిన కారును స్టార్ట్ చేసిన రోజు నుంచి సినిమాల పాలైంది. భార్య అనసూయమ్మకు మాత్రం ఈ విద్య మీద ఎన్నడూ నమ్మకం కుదరలేదు. "మా ఆయన చేసిన బండెక్కి నేనైతే బోనాలకు పోను" అని చుట్టాలందరినీ నవ్వించేది. వీరయ్య కూడా నవ్వేవాడు.

అతనికి ఈ ఫిల్మ్ నగర్‌లో స్నేహితుడంటే ఒక్కడే, వెంకటరామయ్య. ఆయనది గోదావరి ఒడ్డు. వయసులో ఉండగా లాంచీలు నడిపిన సరంగు. పాట తీయడానికి వచ్చిన యూనిట్టు వాళ్ల వెంట హైదరాబాదు వచ్చి, ఫిల్మ్ నగర్ బస్తీలో గది తీసుకుని, భార్య పుష్పవల్లిని తెచ్చుకుని ఇక్కడే ఉండిపోయాడు. సినిమాలో పడవ ఉందంటే వెంకటరామయ్య ఉన్నట్టే. అయినా ఆయన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. హీరో గారు పడవ నడుపుతూ పాట పాడతారు చూడండి, అప్పుడు నిజంగా నడిపేది ఆయన కాదు. పడవ అడుగున చెక్కల మధ్య ఒకడు పడుకుని, మీద వలో గోనెపట్టానో కప్పుకుని, కింద నుంచి చుక్కాని తిప్పుతుంటాడు. ఆ ఒకడే వెంకటరామయ్య. గోనెపట్టా కింద ఎదురుగా ఏముందో కనబడదు కనక, హీరో కాలితో కుడి భుజం తడితే కుడికి, ఎడమ భుజం తడితే ఎడమకు తిప్పాలి.

"పెద్ద పెద్దవాళ్ల కాళ్లన్నీ నా భుజాలకు తెలుసు వీరయ్యా. కొందరు మెత్తగా తడతారు. కొందరికి నేను పడవచెక్కలాగే కనబడతాను" అనేవాడు నవ్వుతూ.

ఆయనకు సొంతంగా ఒక మోటారు ఉంది. పడవ వెనక తగిలించే రకం, ఫారిన్‌ది, వయసులో ఆయనకు తమ్ముడు. ఎక్కడో రేవులో తుప్పుపట్టి పడి ఉంటే మోసుకొచ్చుకున్నాడు. తాడు చుట్టి లాగితే లేస్తుంది. దాని జబ్బులన్నిటికీ వైద్యుడు వీరయ్యే. ఆ మోటారే ఇద్దర్నీ కలిపింది. ఆ తర్వాత అది బాగున్నా లేకున్నా, పొద్దున్నే షెడ్డు ముందు ఇద్దరూ కూర్చుని చాయ్ తాగడం అలవాటైపోయింది.

పోయినేడు ఎండలు ముదరకముందు రిత్విక్ అనే కుర్ర డైరెక్టరు జీపు చూసుకోవడానికి షెడ్డుకు వచ్చాడు. జీపును వదిలేసి, బెంచీ మీద చాయ్ ఊదుకుంటున్న వెంకటరామయ్యను చూస్తూ నిలబడిపోయాడు.

"బాబాయ్, మీరు యాక్ట్ చేస్తారా?"

"చేస్తూనే ఉన్నానండీ, ఇన్నేళ్ల నుంచీ. పడుకుని" అన్నాడు వెంకటరామయ్య.

రిత్విక్ పగలబడి నవ్వాడు, విషయం తెలిశాక నవ్వడం మానేశాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. అతను తీసే సినిమా పాతకాలపు రేవు కథ. అందులో ఒక ముసలి సరంగు సాయంకాలపు ఎండలో ఒంటరిగా పడవను ఒడ్డుకు తెస్తాడు. కెమెరా ఎదురుగా ఇంకో పడవలో ఉంటుంది. ఆ సరంగు దగ్గరికి వచ్చేకొద్దీ మొహం పెద్దదవుతూ తెరంతా నిండుతుంది. మధ్యలో కట్ లేదు, చప్పుడు కూడా అక్కడికక్కడే పట్టాలి. అందుకని పాత మోటారే కావాలి, అది నిజంగా నడవాలి.

"మీ మొహమే కావాలి బాబాయ్. గడ్డం మాత్రం తీయకండి" అన్నాడు.

ఆ రోజు నుంచి వెంకటరామయ్య మనిషి మారిపోయాడు. అద్దం ముందు నిలబడుతున్నాడని పుష్పవల్లి అనసూయమ్మతో చెప్పి మురిసిపోయింది. వాళ్ల ఊళ్లో ఆయన సినిమాల్లో ఉన్నాడంటే ఎవరూ నమ్మరు. ఏ సినిమాలో, ఎక్కడ అని అడిగితే, ఫలానా పాటలో ఆ గోనెపట్టా కింద అని ఎట్లా చెప్పుకుంటాడు? ఇప్పుడు చూపించడానికి ఒకటి ఉంటుంది. డెబ్బై దాటిన మనిషికి అంతకు మించిన కోరికేమీ లేదు.

అయితే మోటారు లేవలేదు. తాడు లాగితే చేతికి బరువే తగలడం లేదు. వీరయ్య హెడ్డు విప్పి చూసి పెదవి విరిచాడు. రెండు సిలిండర్లలోనూ పిస్టన్లు గీతలు పడి అరిగిపోయాయి. పిస్టన్ను రాడ్డుకు కలిపే పిన్నులు వదులై, వేలితో ఊపితే కటకటమంటున్నాయి.

"జరూర్ మార్చాలె అన్నా. పిస్టన్లు, పిన్నులు రెండూ. గీ అతుకుల పని దీనికి నడవది."

రాణిగంజ్ సామాన్ల బజారంతా తిరిగినా దొరకలేదు. చివరికి కొచ్చిలో పాత పడవల సామాను అమ్మే ఒకాయన పార్సిల్ పంపాడు. పిస్టన్లు, రింగులు, పిన్నులు, పిన్నులకు రెండు వైపులా వేసే చిన్న చిన్న తీగ లాకులు, అన్నీ కొత్తవే. పిన్ను పక్కకు జరిగి సిలిండరు గోడను గీసెయ్యకుండా ఆపేవి ఆ లాకులే. చూడ్డానికి చెవిపోగంత ఉంటాయి. ఒకసారి తీసిన లాకును మళ్లీ వాడకూడదు, దాని బిగువు పోతుంది. ఇది వీరయ్యకు తెలియని సంగతి కాదు.

పని మాత్రం ముచ్చటగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పిస్టన్ నెత్తి మీది మిట్ట ఏ వైపు ఉండాలో చూసుకున్నాడు. పిస్టన్ను వేడి నూనెలో ముంచి తీసి, పిన్ను సుత్తి దెబ్బ లేకుండా వేళ్లతోనే లోపలికి జారేలా చేశాడు. సిలిండర్లను వెంట్రుక మందం మసి కూడా లేకుండా తుడిచాడు. వెంకటరామయ్య పక్కనే స్టూలు మీద కూర్చుని, ఆపరేషన్ థియేటరు బయట కూర్చున్న మొగుడిలా ఊపిరి బిగబట్టి చూశాడు.

ఇంతలో ప్రొడక్షన్ మేనేజర్ శ్రీకాంత్ నుంచి ఫోను. వానలు పడేలా ఉన్నాయట, చెరువు మీద షూటింగు ముందుకు జరిపారట. "రేపే సార్. మార్నింగ్ వ్యాన్ పంపిస్తాం, మోటర్ రెడీగా ఉండాలి."

వెంకటరామయ్య గడ్డం దువ్వుకుంటూ ఇంటికి పరుగెత్తాడు. వీరయ్య చివరి లాకు దగ్గరున్నాడు. ముక్కు పట్టకారతో దాన్ని గాడిలోకి నొక్కుతుండగా జారింది. టిక్కుమని ఎగిరి ఎక్కడికో పోయింది. బెంచీ కింద వెతికాడు, టైర్ల వెనక వెతికాడు, అయస్కాంతం కట్టిన కర్రతో నేలంతా దువ్వాడు. దొరకలేదు. కొచ్చి నుంచి ఇంకోటి రావాలంటే వారం. అలాంటిదే మన బజార్లో దొరుకుతుందేమో చూడాలంటే దుకాణాలు మూసే వేళవుతోంది. రిత్విక్‌కు ఫోను చేసి ఒక్క రోజు ఆగమంటే ఏమనేవాడో తెలియదు, వీరయ్య చెయ్యలేదు. విప్పిన పాత లాకు డబ్బా మూతలో కనబడింది. దాన్ని పట్టకారతో కొంచెం విప్పార్చి, గాడిలో పెట్టి, వేలితో నొక్కి చూశాడు. నిలబడింది.

"షాట్ వరకే గదా" అనుకున్నాడు. బతుకంతా అనుకున్న మాటే, ఎన్నడూ ఎదురు తిరగని మాట.

నీళ్ల డ్రమ్ములో పెట్టి తాడు లాగితే మోటారు ఒక్క పట్టున లేచింది. తెల్లారి వెంకటరామయ్య దాని చప్పుడు విని కళ్లు తుడుచుకున్నాడు.

"ఆగదు గదా వీరయ్యా?"

"ఫికర్ జెయ్యకు అన్నా. నీ మొగం జూపిచ్చేదాంక ఆగది. కొత్త పిస్టన్లు గదా, పెట్రోల్ల ఆయిలు జర ఎక్కువ కలుపు."

చెరువు ఊరి బయట. ఒడ్డున రేవు సెట్టు వేశారు. మేకప్ వాళ్లు వెంకటరామయ్యకు చేయాల్సింది పెద్దగా ఏమీ లేకపోయింది, ఎండే ఎప్పుడో చేసి పెట్టింది. ఆయన తలపాగా చుట్టుకుని పడవలో కూర్చున్నాడు. పడవలో నిటారుగా, పదిమందికీ కనబడేలా ఆయన కూర్చోవడం వీరయ్య ఒడ్డు మీద నుంచి మొదటిసారి చూశాడు.

వీరయ్య లెక్కలో లేనిది ఒకటే, రిహార్సల్సు. రిత్విక్‌కు చప్పుడు కుదరాలి, కెమెరా పడవ వేగం కుదరాలి, మొహం మీద ఎండ పడే చోటు కుదరాలి. మధ్యాహ్నం నుంచి పడవ పోతూనే ఉంది, వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా వీరయ్య చెవులు రిక్కించి వింటున్నాడు. ఒకసారి ఆపి, విప్పి చూద్దామా అనిపించింది. అంతమందిలో, తర్వాతి సీను కోసం వచ్చిన హీరోతో సహా అందరూ ఎదురు చూస్తుంటే, ఏమని చెప్పి విప్పాలి?

ఎండ బంగారం రంగుకు తిరిగింది. యాక్షన్ అన్నారు. పడవ నీళ్ల మధ్య నుంచి వస్తోంది. వెంకటరామయ్య చెయ్యి మోటారు మీద, చూపు కెమెరా మీద. ఒడ్డున మానిటర్ ముందు కూర్చున్న రిత్విక్ గుప్పిట బిగించి "వస్తోంది, వస్తోంది" అంటున్నాడు. తెర మీద మొహం సగం నిండింది. అప్పుడు నీళ్ల మీద టంగుమని ఒక చప్పుడు, తర్వాత గరగరమని ఒక రాపిడి. మోటారు బిగుసుకుపోయింది.

వీరయ్యకు ఆ చప్పుడు వినగానే ఏం జరిగిందో తెలిసిపోయింది.

మళ్లీ తీద్దామంటే మోటారు లేదు. రేపు తీద్దామంటే చెరువుకు పర్మిషన్ ఈ రోజుతో సరి. శ్రీకాంత్ గడియారం వంక, ఆకాశం వంక చూస్తున్నాడు. చివరికి రిత్విక్ తల పట్టుకుని ఒక మాట అన్నాడు. ఒడ్డు మీద నుంచి తాడు కట్టి పడవను లాగుదాం. ముందు నుంచి తీస్తే తాడు కనబడుతుంది, కాబట్టి వెనక నుంచి తీద్దాం. వెనక నుంచి తీసే వీపు ఎవరిదైతే జనం గుర్తుపడతారు? హీరోది. ముసలి సరంగు బదులు పడవను హీరోనే తెస్తాడు. హీరో గారు లేచి తలపాగా తెమ్మన్నారు.

తాడుతో లాగే పడవ తిన్నగా రాదు. ఎవరో ఒకరు తిప్పుతూ ఉండాలి. ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనలేదు. రిత్విక్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. వెంకటరామయ్య తనంతట తనే తలపాగా విప్పి హీరో మనిషి చేతికిచ్చాడు, పడవలోకి దిగాడు, చెక్కల మధ్య పడుకున్నాడు. "గోనెపట్టా ఒకటి ఇలా ఇవ్వండి బాబూ" అన్నాడు. లైట్ బాయ్స్ తాడు లాగారు. ఎండ ఉండగానే షాట్ ఓకే అయింది.

ప్యాకప్ అయ్యాక వెంకటరామయ్యే రిత్విక్ దగ్గరికి వెళ్లాడు. "క్షమించండి డైరెక్టర్ గారూ. తప్పు నాదే. ఆయిలు ఎక్కువ కలపమని మా వీరయ్య మరీ మరీ చెప్పాడు. మేకప్ అనీ అదనీ కంగారులో కలిపానో లేదో గుర్తులేదు. ఇంజను పట్టేసింది."

"పోన్లెండి బాబాయ్, వయసైంది కదా" అన్నాడు శ్రీకాంత్ పక్క నుంచి.

వీరయ్య అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉన్నాడు. ఆయన ఆయిలు సరిగ్గానే కలిపాడు, వీరయ్య కళ్లారా చూశాడు. కాదు, తప్పు నాదని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే రేపటి నుంచి ఏ కంపెనీ తన షెడ్డు గుమ్మం తొక్కుతుందన్న భయం ముందు వచ్చింది. మాట వెనకబడింది. ఇంతలో వ్యాను హారన్ కొట్టింది, అందరూ ఎక్కారు. ఒక మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది చాలాసార్లు ఇంత చిన్న ఆలస్యంలోనే తేలిపోతుంది. వీరయ్య చెడ్డవాడు కాదు. కాకపోయినా ఆ పూట చేసింది చెడ్డపనే.

షెడ్డులో మోటారు విప్పాడు. పాత లాకు గాడిలోంచి ఊడి రెండు ముక్కలైంది. పిన్ను పక్కకు జరిగి సిలిండరు గోడను నాగలితో దున్నినట్టు దున్నేసింది. ఇక అది బాగుపడేది కాదు. అంత వయసున్న సిలిండర్లు ఎక్కడా దొరకవు.

పడవ పనికి వెంకటరామయ్యను పిలవడం అప్పటి నుంచి తగ్గింది. పెద్దాయన మర్చిపోతున్నాడట, అన్న మాట ఆఫీసుల్లో పాకింది. ఆ మాట ఆయన చెవినా పడింది. ఆయన అదీ నమ్మాడు. పొద్దున్నే చాయ్ దగ్గర, "నిజమే వీరయ్యా, నిన్న తాళంచెవి ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. బుర్ర పాడవుతోంది" అనేవాడు. పుష్పవల్లి డాక్టరుకు చూపిద్దామంటోందని, తనకు భయంగా ఉందని చెప్పేవాడు. వీరయ్య గ్లాసులోకి చూస్తూ వినేవాడు. ఇంట్లో అనసూయమ్మ రెండుసార్లు అడిగింది.

"ఏమైంది నీకు? అన్నం కెలుకుతున్నవ్, తింటలేవు."

విషయం చెబితే ఆమె కంచం పక్కన పెట్టేసింది. "గాయిన పిచ్చోడనుకుంటున్నడా తనను తాను? నీ మూలాన? రేపే చెప్పు. చెప్పకపోతే నేను పోయి చెప్త."

మర్నాడు చెప్పాడు. నీళ్లు నమలకుండా, లాకు ఎగిరిపోయిన దగ్గర్నుంచి వ్యాను ఎక్కేదాకా అంతా చెప్పాడు. "నీ బుర్ర మంచిగనే ఉందన్నా. ఆయిలు నువ్వు మంచిగనే కలిపినవ్. తప్పంత నాది. నన్ను తిట్టు, కొట్టు. రిత్విక్ సార్‌కు, శ్రీకాంత్‌కు ఇయ్యాలనే పోయి చెప్తా."

వెంకటరామయ్య తిట్టలేదు. చేతిలో చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"వాళ్లకు చెప్పకు. సినిమా అయిపోయింది, ఇక ఎందుకు?" అన్నాడు. తర్వాత, "మోటారు పోతే పోయింది. ఆ రోజు వాళ్ల ముందు నేను తలొంచుకుని నిలబడ్డప్పుడు, నువ్వు నా పక్కనే ఉన్నావు కదా వీరయ్యా" అన్నాడు.

ఆయన వద్దన్నా వినకుండా వీరయ్య ఆ మధ్యాహ్నమే వెళ్లి రిత్విక్‌కు చెప్పాడు. రిత్విక్ బాధపడ్డాడు, ఇంకో సినిమాలో చూద్దామన్నాడు. ఆ ఇంకో సినిమా ఇంతవరకు మొదలుకాలేదు. వీరయ్య ఇప్పుడు పని ఒప్పుకునే ముందు టైము అడుగుతున్నాడు. ఇవ్వకపోతే బండి ఇవ్వనంటున్నాడు. మంచి పద్ధతే, కాకపోతే మంచి ఎప్పుడూ ఇట్లాగే జరగాల్సింది జరిగిపోయాక తీరుబడిగా వస్తుంది.

వెంకటరామయ్య చాయ్‌కు రావడం మానలేదు. అదే బెంచీ మీద అదే చోట కూర్చుంటాడు. ఫ్లైఓవరు మీద ట్రాఫిక్కు గురించి, ఎండల గురించి, మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడతాడు. వీరయ్య అడిగినవాటికి మర్యాదగా జవాబు చెబుతాడు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్తాడు. ఏమీ మారలేదని వీరయ్య తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు.

మొన్న ఒక సాయంత్రం అనసూయమ్మ కూరగాయల బండి దగ్గర్నుంచి వచ్చి, సంచి కింద పెట్టకుండానే అడిగింది. "పుష్పవల్లక్కకు గుండె ఆపరేషన్ అయిందంట. ఇంటికి గూడ తెచ్చిండ్రంట, వారం దాటిందంట. నువ్వు నాకెందుకు చెప్పలే?"

ఆ వారంలో ఒక్క పొద్దు కూడా తప్పకుండా వెంకటరామయ్య వచ్చి, చాయ్ తాగి వెళ్లాడు.